జవాబు చెప్పని వరుస

తివాచీ మగ్గం దగ్గర ఒక పద్ధతి ఉంది. గళ్ల కాగితం మీద గీసిన నక్షా పట్టుకున్న మనిషి స్టూలు మీద కూర్చుని రంగులు పైకి చదువుతాడు. మగ్గం ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లు విని, ఆ రంగు ఊలుతో పడుగు దారాలకు ముళ్లు వేస్తారు. వేయడం అయ్యాక ‘పడ్డాయి’ అనాలి. ఆ మాట చెవిన పడేదాకా చదివే మనిషి ముందుకు పోడు. చదివిన వరుసనే మళ్లీ చదువుతాడు. తప్పు రంగు పడిందని కనిపెడితే ‘విప్పు’ అంటాడు. జవాబు రాని వరుసను వదిలి లేవడం మాత్రం ఎవరూ చెయ్యరు. లేస్తే ఆ వరుస ఎవరిదీ కాకుండా పోతుందని మా మామగారు చెప్పేవారు.

మాది ఏలూరు. ఇంట్లో మేము మాట్లాడుకునేది ఉర్దూ అయినా మగ్గం దగ్గర తెలుగే. మా మామగారి రోజుల్లో బల్ల మీద అన్ని కులాలవాళ్లూ కూర్చునేవాళ్లు, అందుకని ఆ మాటలు అలా నిలబడిపోయాయి. ఇంకో సంగతి, ఈ ఊళ్లో పిల్లికి పాలు పోసినా ‘తాగండి’ అంటారని నవ్వుతారు కదా, మగ్గం దగ్గర మాత్రం అండీలు లేవు. కోడలు చదువుతుంటే మామగారు ముడి వేసినా, ఆమె ‘విప్పు’ అనే అంటుంది. ఆయన విప్పుతాడు.

మా ఇంట్లో చదివేది మా ఆయన అబ్దుల్ జబ్బార్. వేసేది నేను. మిగతావాళ్లంతా ఒక్కొక్కరే మానేశాక ఆ ముందు గదిలో ఇద్దరమే మిగిలాం. ఆయన గొంతు పెద్దది కాదు. రంగుల పేర్లు మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్కటీ నా చేతిలో పెడుతున్నట్టు చదివేవాడు. మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి, భోంచేసి, వీధి తలుపు ఒక రెక్క తీసి ఆ వెలుతురులో మొదలుపెట్టేవాళ్లం.

ఆయన పోయింది కూడా అలాంటి మధ్యాహ్నమే. బచ్చలిపండు రెండు, గంధం ఒకటి, చిలకపచ్చ నాలుగు, గంధం ఒకటి అని చదివాడు. నేను బచ్చలిపండు ఊలు ఉండ కోసం వంగాను. అది బల్ల కిందకి దొర్లిపోయింది. తీసుకుని పైకి లేచేసరికి ఆయన తల గోడకి ఆనించి ఉంది. నక్షా ఒళ్లోనే ఉంది. కునుకు తీస్తున్నాడనుకుని, నిద్రపోతున్న మనిషిని లేపడం ఎందుకని కాసేపు ఊరికే కూర్చున్నాను.

భర్త పోయిన ఆడది గడప దాటకూడని ఇద్దత్ రోజులన్నీ వెనక గదిలో గడిచాయి. మగ్గం మీద దుప్పటి కప్పారు. గడువు తీరాక నేనే వెళ్లి దుమ్ము దులుపుదామని దుప్పటి తీశాను. అప్పుడే తలుపు రెక్కలోంచి వెలుతురు పడుతోంది.

బచ్చలిపండు రెండు, గంధం ఒకటి, చిలకపచ్చ నాలుగు, గంధం ఒకటి.

స్టూలు ఖాళీగానే ఉంది. గొంతు మాత్రం అక్కడి నుంచే వచ్చింది. నేను కదల్లేదు. కొంచెం ఆగి మళ్లీ చదివాడు, ఆయన ఎప్పుడూ ఆగేటంత సేపే ఆగి. కోపం లేదు, తొందర లేదు. నేను పని చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఆ మర్నాడు కూడా అదే వరుస. ఆ తర్వాత రోజూ అదే. ఆయన పేరున ఫాతిహా చదివించాను. సాంబ్రాణి వేయించాను. తనుకులో ఉన్న మా అమ్మాయి నజ్నీన్‌తో చెబుదామని ఫోను పట్టుకుని, దాని అత్తగారి ఆరోగ్యం అడిగి పెట్టేశాను. చెబితే వచ్చి నన్ను తీసుకుపోతుంది. తీసుకుపోతే ఆయన ఎవరికి చదువుతాడు?

నిజం చెప్పాలంటే భయం మొదటి రోజే పోయింది. ఆ తర్వాత ఉన్నది వేరే. ఆ వరుస వేసేసి ‘పడ్డాయి’ అనడానికి ఎంతసేపు పడుతుంది? బియ్యం కడిగినంత సేపు పట్టదు. అంటే మాత్రం ఏమవుతుంది? తర్వాతి వరుస చదువుతాడా? లేకపోతే జవాబు వచ్చింది కదా అని స్టూలు మీంచి లేచి వెళ్లిపోతాడా? ఆ ఒక్కటే తేల్చుకోలేక రోజూ మధ్యాహ్నం బల్ల మీద కూర్చునేదాన్ని. వినేదాన్ని. పలికేదాన్ని కాదు.

ఈలోపు నా మరిది ఖలీల్ ఆ గది కావాలన్నాడు. ఖలీల్ చిన్నప్పుడు మా మగ్గం మీదే కూర్చున్నవాడు, మీసాలు వచ్చాక ఆటో కొనుక్కుని వెళ్లిపోయాడు. అతని కొడుకు షాహిద్ సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నాడు. వీధి వైపు గది వాడికి షాపు అవుతుంది. ఖలీల్ దురుసుగా ఏమీ అడగలేదు. మూడుసార్లు టీ తాగి, నాలుగోసారి అడిగాడు. బక్రీదు అయ్యాక మగ్గం విప్పేద్దాం భాబీ, ఈలోపు తివాచీ అయితే సరే, కాకపోతే ఉన్నంతవరకు కోసేద్దాం అన్నాడు. గది ఇద్దరిదీ. అతను అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నేను సరేనన్నాను.

భార్గవి వచ్చింది ఆ రోజుల్లోనే. కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తున్న అమ్మాయి. మనిషి పోయాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారు, హిందువులు ఎలా, ముస్లిములు ఎలా, క్రైస్తవులు ఎలా, జబ్బుతో పోతే ఎలా, ఉన్నట్టుండి పోతే ఎలా, ఇదీ ఆ అమ్మాయి చదువు. మా పేటలో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే సీతారత్నం టీచరు ఆ అమ్మాయికి మేనత్త. ఆవిడ దగ్గర నేను ఆయన పోయాకే చేరాను. నక్షా మీద గడిగడికీ రంగు పేరులోని మొదటి అక్షరం రాసి ఉంటుంది. అది నాకు నేనుగా చదువుకోవాలనిపించి చేరాను. టీచరే భార్గవిని మా ఇంటికి పంపింది.

చాలా ప్రశ్నలు అడిగింది. మధ్యలో ఒకటి, ‘ఆయన గొంతు ఎప్పుడైనా వినపడుతుందా అండీ?’ అని. లేదన్నాను. అప్పుడు పొద్దున్న పూట. గది నిశ్శబ్దంగా ఉంది. ఆ అమ్మాయి మగ్గం వైపు చూసి, ఆ సంగతి మళ్లీ ఎత్తకుండా, తనతో నాలుగైదు ఊళ్లు తోడు వస్తారా అని అడిగింది. పెళ్లికాని పిల్ల ఒక్కతే వెళ్లి చావుల గురించి అడిగితే ఆడవాళ్లు నోరు విప్పడం లేదట. పక్కన నాలాంటిది ఒకతి ఉంటే చెబుతారని.

మొదట తాడేపల్లిగూడెం వెళ్లాం. ఉల్లిపాయల మార్కెట్లో వీరరాఘవులు గారని పెద్ద వ్యాపారి. భార్య చంద్రావతి పోయి ఏడాది దాటింది. షాపు వెనకే ఇల్లు. ఆవిడ ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం వెనక గుమ్మంలో నిలబడి, ‘ఏవండీ, వడ్డించేశాను’ అనేదట. ఆ పిలుపు విన్నాకే ఈయన గల్లాపెట్టె మూసేవాడు. ఇప్పుడు ఆ పిలుపు రాదు కాబట్టి ఆయన లేవడు. కోడలు వచ్చి మావయ్యగారూ అని పిలుస్తుంది. అది వేరే పిలుపు, దానికి కాళ్లు లేవవు అంటాడు. సాయంత్రం దాకా మంచినీళ్లతోనే కూర్చుంటాడు. చివరికి కొడుకు ఏడ్చి, బస్తాలు కుట్టే మంగాయమ్మని బతిమాలి, ఆవిడ చేత వెనక గుమ్మంలోంచి పిలిపిస్తున్నాడు.

మేం ఉండగానే పిలిచింది. చేతిలో పురికొస, దబ్బనం అలాగే ఉన్నాయి. ‘ఏవండీ, వడ్డించేశాను’ అంది, గోడకేసి చూస్తూ. మార్కెట్లో హమాలీలు నవ్వుకుంటున్నారు. మంగాయమ్మ మొగుడు కూడా అక్కడ హమాలీయే, మా ఇంట్లో నన్ను ఏనాడూ ఇంత మెత్తగా పిలవలేదని వేళాకోళం చేస్తున్నాడు. వీరరాఘవులు గారు ఇవేవీ పట్టించుకోలేదు. లేచి, కండువా దులుపుకుని లోపలికి వెళ్లాడు. గుమ్మం దగ్గర పక్కకి ఒదిగి, ఎవరికో దారి ఇచ్చి, అప్పుడు లోపల అడుగుపెట్టాడు. మంగాయమ్మ అప్పటికే తన బస్తాల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ గుమ్మంలో ఎవరూ లేరు.

హమాలీలు అది చూడలేదు. భార్గవి చూసింది. నా మోచెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత వారం కొల్లేటి వైపు వెళ్లాం. ముదినేపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి చెరువుగట్ల మీద ఆటో. రెండు పక్కలా చేపల చెరువులు, వాటి అవతల కిక్కిస పొదలు, నీళ్ల మీద గుర్రపుడెక్క. మార్తమ్మ ఇల్లు గట్టు చివర. నా కంటే చిన్నది. ఆమె భర్త చెరువు కాపలా. వరదప్పుడు గండి పడిందేమో చూడ్డానికి దోనె వేసుకుని వెళ్లాడు. నీళ్లు తీశాక కిక్కిసలో దొరికాడు.

బతికున్నప్పుడు రోజూ పొద్దుగూకే వేళ గట్టు మలుపు నుంచి ఆమెను పేరు పెట్టి కేకేసేవాడట. ఈమె ఇంట్లోంచి ‘ఆఁ, ఉన్నా’ అనేది. చీకట్లో గట్టు మీద జారకుండా, ఆ గొంతును పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. పోయిన తర్వాత కూడా కేక వస్తూనే ఉందని ఆమె, చేపల వల బాగుచేసుకుంటూ, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. పలకొద్దని ఊరందరూ చెప్పారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆమె పలకలేదు. వానాకాలం అంతా పలకలేదు.

‘తర్వాత?’ అని అడిగింది భార్గవి కాదు. నేనే.

మార్తమ్మ వల మీంచి తలెత్తి నన్ను చూసింది. భార్గవిని అంతసేపూ ఒక్కసారి కూడా అలా చూడలేదు.

‘పలికేశానండి. వాన పడతంది. ఆ వానలో అలా నిలబడి కేకేత్తావుంటే ఎన్నాళ్లని ఊరుకుంటానండి? ఉన్నానయ్యా, రా అన్నాను.’

‘వచ్చాడా?’

‘రాలేదు. మళ్లీ కేకెయ్యలేదు. పలికితే ఒక్కసారేనండి. పలక్కపోతే రోజూ.’

పలికినందుకు బాధపడుతున్నారా అని భార్గవి మెల్లిగా అడిగింది. మార్తమ్మ నవ్వింది. బాధేముంది, పొద్దుగూకాక చేసుకోవడానికి పని లేకుండా పోయింది, అదొక్కటే అంది. తర్వాత వల పక్కన పెట్టి, మాకు టీ పెట్టడానికి లేచింది. పొయ్యి దగ్గర నుంచి నన్ను మాత్రమే ఉద్దేశించి, ఆయన ఏమని పిలుస్తాడండీ మిమ్మల్ని అని అడిగింది. పిలుస్తాడు అంది. పిలిచేవాడు అనలేదు.

నేను టీ గ్లాసు అందుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

తిరుగు బస్సులో భార్గవి కిటికీ వైపు చూస్తూ, చాలామందికి వినపడుతుందండీ అంది. అది పిచ్చి కాదు, జబ్బు కాదు. చెబితే ఏమనుకుంటారోనని చెప్పరంతే. కొందరికి దానంతట అది ఆగిపోతుంది, కొందరికి ఆగదు. ఎందుకు ఆగుతుందో, ఆగాక వాళ్లు బాగుంటారో లేదో తనకి ఇంకా తెలీదు అంది. అలా తెలీదని చెప్పిన చదువుకున్న మనిషిని అప్పుడే చూశాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఏలూరు కొత్త బస్టాండు వచ్చేసింది, దిగిపోయాం.

బక్రీదు వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖలీల్ వస్తానని కబురు పంపాడు, మగ్గం విప్పడానికి పానాలు తీసుకుని.

ఆ మధ్యాహ్నం తలుపు రెక్క తీసి బల్ల మీద కూర్చున్నాను. వెలుతురు పడింది. ఆయన మొదలుపెట్టాడు. బచ్చలిపండు రెండు, గంధం ఒకటి, చిలకపచ్చ నాలుగు, గంధం ఒకటి. సాయంత్రానికి మగ్గం ఉండదు. విప్పిన కొయ్యలు పెరట్లో ఉంటాయి. స్టూలు ఏ మూలనో ఉంటుంది. జవాబు రాని వరుస మీద ఆయన లేవడు, అది నాకు తెలుసు. షాహిద్ షాపులో, ఫోన్లు మోగుతుంటే, వచ్చేవాళ్లు పోయేవాళ్లు తన మీంచే నడుస్తుంటే, అక్కడే కూర్చుని అదే వరుస చదువుతూ ఉంటాడు. కొయ్యలు లేని చోట నేను వేస్తున్నానని అనుకుంటూ ఉంటాడు.

పలకాలి. పలికితే పోతాడు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఇది మగ్గం మీద బతికినవాళ్లకే వస్తుంది. బచ్చలిపండు రెండు ముళ్లు వేశాను. గంధం వేయాల్సిన చోట గోధుమ రంగు వేశాను. రెండూ దగ్గర రంగులే. కొత్తవాళ్లయితే పోల్చుకోలేరు. ఆయన మాత్రం స్టూలు మీంచి, కళ్లజోడు లేకుండా పోల్చేవాడు. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు అలా వేశాను, రెండుసార్లూ నా చెయ్యి పడుగు మీంచి తీయకముందే ‘విప్పు’ అన్నాడు. తప్పు పడితే వరుస పూర్తయినట్టు కాదు. విప్పించాలి, మళ్లీ వేయించాలి. అంతదాకా లేవడానికి లేదు. అంటే ఆయనకు జవాబూ అందుతుంది, ఆయన ఉంటాడు కూడా. ఆ తర్వాత ఎంతసేపు విప్పాలన్నది నా చేతిలోనే ఉంటుంది.

చిలకపచ్చ నాలుగూ వేశాను. చివరి గంధం సరిగ్గానే వేశాను. కత్తితో ఊలు కోసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

‘పడ్డాయి’ అన్నాను.

గది విన్నది. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు. వీధిలో ఎవరో తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్ముకుంటూ పోతున్నాడు. పక్కింట్లో కుక్కరు కూత వేసింది. నేను ‘విప్పు’ కోసం చూస్తున్నాను. ఆయన ఆగేటంత సేపు అయింది. ఇంకా అంత సేపు అయింది. తర్వాతి వరుస రాలేదు. పాత వరుస కూడా రాలేదు.

స్టూలు వైపు తిరగలేదు. తిరిగితే ఏం కనపడాలి, ఏం కనపడకూడదు అన్నది తేల్చుకోలేకపోయాను. తప్పు ముడిని ఆయన చూసి కూడా ఊరుకున్నాడా? ఏనాడూ ఊరుకోని మనిషి, ఇంక వెళ్లాలని, నా మోసం తెలిసీ సరేనని లేచిపోయాడా? లేకపోతే ఇన్నాళ్లూ అక్కడ చూసే కళ్లు లేవా, ఒక్క గొంతు మాత్రమే ఉందా? ఏది అయినా అడగడానికి ఎవరూ లేరు. నా కళ్ల ముందు తివాచీ మీద ఆ గోధుమ రంగు ముడి ఒక్కటే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. వెలుతురు బల్ల మీంచి నేల మీదకి, నేల మీంచి గడప మీదకి వెళ్లింది. అసర్ అజాన్ అయింది. లేవలేదు.

‘విప్పు.’

నా వెనక నుంచే వచ్చింది. ఆయన గొంతే. నెమ్మదిగా, కోపం లేకుండా. తిరిగాను.

గుమ్మంలో ఖలీల్. చేతిలో పానాలు. అన్నదమ్ముల గొంతులు ఒకటేనని పెళ్లయిన నాటి నుంచీ నాకు తెలుసు. ఆటో హారన్ల మధ్య ఎన్నడూ పట్టించుకోలేదు. అతను నా వైపు చూడటం లేదు, తివాచీ వైపు చూస్తున్నాడు. అంత దూరం నుంచి, అన్నేళ్ల తర్వాత, వచ్చీ రాగానే చూశాడు. తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు తనే సిగ్గుపడి, ‘అంటే, తప్పు పడింది భాబీ, అక్కడ గంధం కదా’ అన్నాడు.

అవునన్నాను. కత్తి తీసుకుని, పక్క ముళ్లు తెగకుండా, గోధుమ రంగు ముడిని విప్పాను. ఖలీల్ పానాలు గడప దగ్గర పెట్టాడు. నా వెనక నిలబడి చూస్తున్నాడు. గంధం ఊలు తీసి ముడి వేసి, బిగించి, కోశాను. చెయ్యి తీసేశాను.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చోకు అనబోయాను. నక్షా తీసుకుని, కళ్లజోడు తేలేదేమో, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. చదవకుండా ఆగాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థమైంది. నేను నోరు తెరవడం లేదు.

‘చెప్పండి భాబీ. మీరు అననిదే నేను ముందుకు పోకూడదు’ అన్నాడు.

ఆ మాట ఒకసారి తప్పుగా అనేశాను. ఇప్పుడు ఒప్పుగా అనాలి. అంటే ఇంక ఆ వరుస ఎవరి దగ్గరా మిగలదు. గడప మీద ఉన్న కాస్త వెలుతురు కూడా పోతోంది.

‘పడ్డాయి’ అన్నాను.

ఖలీల్ వేలు నక్షా మీద ఒక గడి పైకి జరిగింది. గంధం మూడు అన్నాడు. ఆగి, కాదు, రెండే అన్నాడు. ఊలు ఉండ కోసం వంగాను. అది నా చేతికే అందింది.